మా బాపు కారు కిర్రు

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. మా ఇంట్లో ఒట్టు వేయాలంటే దేవుడి పటం దగ్గరికి పోయేవాళ్లం కాదు. వాకిట్లో నిలబెట్టిన అంబాసిడర్ తలుపు తీసి, స్టీరింగ్ మీద కుడి చెయ్యి పెట్టి చెప్పేవాళ్లం. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే బండి నడిదారిలో ఆగిపోతుందని మా బాపు నమ్మకం. ఇప్పుడు కూడా అదే స్టీరింగ్ మీద కుడి చెయ్యి పెట్టి, ఎడమ చేత్తో ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అందుకేనని అనుకోండి, విషయం మాత్రం వంకర పోదు. నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి వినాలని జనగామలో నా మీద ఒక పుకారు ఉంది. ఈసారి తీసేయడానికి ఏమీ లేదు.

పోయిన నెల పెళ్లి ఫొటోలు తీసే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఈ మధ్య పెళ్లికి ముందే జంటను పాత కారులో కూర్చోబెట్టి వీడియోలు తీస్తున్నారు కదా, మా బండి సంగతి ఎవరో చెప్పారట. చుట్టూ తిరిగి చూశాడు, మురిసిపోయాడు. తరువాత వెనక డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి కిందికీ మీదికీ ఊపాడు. ఇంకోసారి ఊపాడు. మొహం మాడ్చుకున్నాడు.

"గిదేందన్నా, సప్పుడే లేదు? పాత బండంటే ఎనుకనుంచి కిర్రుకిర్రుమనాలె గద. అదే అసలు మజా."

"ఉండె తమ్మీ. పోయింది."

"ఫికర్ చెయ్యకు. కంప్యూటర్ల నేనే పెడ్త."

మా బండికి కిర్రు పెడతాడట! ఆయనను గేటు దాకా సాగనంపాను, అదేమీ మర్యాదగా సాగనంపడం కాదు. ఆ కిర్రు పోగొట్టుకోవడానికి ఒక మనిషి ఏమేం పడ్డాడో, అది పోకపోతే ఆయన చేతిలోంచి ఏం జారిపోయేదో ఆ ఫొటోలాయనకు తెలియదు. తెలిసిన వాళ్లలో ఇంకా నోరు నడుస్తున్నవాడిని నేనొక్కడినే.

మా బాపు పేరు సోమయ్య. జనగామ స్టేషన్ ముందు కిరాయి కారు నడిపేవాడు. పొద్దున లేవగానే తన మొహం కడుక్కునే ముందు బండి మొహం కడిగేవాడు. తడి తువ్వాలతో ముందు అద్దం, ఆ తరువాత రెండు లైట్లు తుడిచి, చివరికి చిన్నపిల్లల ముక్కు తుడిచినట్టు ఆ గుండ్రటి బానెట్ కొస తుడిచేవాడు. స్టీరింగ్ పక్క సందులో ఊదుబత్తి గుచ్చి, సాసర్‌లో చాయ్ పోసుకొని, బండికి ఆనుకొని దానితో ఏవో ఊరి సంగతులు మాట్లాడుతూ తాగేవాడు. ఎండెక్కాక బండి మా అవ్వది, అంటే మా అమ్మది. బానెట్ మీద పాత చీర పరిచి మిరపకాయలు ఎండబోసేది. కిరాయి వస్తే చీర నాలుగు కొసలూ పట్టి ఒక్క ఊపున ఎత్తేది. అందుకే మా బండిలో పెట్రోలు, రెగ్జిన్ సీటు, ఊదుబత్తి వాసనలతో పాటు మిరప ఘాటు కూడా ఉండేది. తుమ్మకుండా దిగిన మనిషిని నేను చూడలేదు. ఒక పెళ్లికొడుకైతే పీటల మీద కూర్చున్నాక కూడా ఆగలేదు, మూడు ముళ్లూ తుమ్ముకొకటి చొప్పున పడ్డాయి.

బాపు నెమ్మదస్తుడే కానీ ఒక్క విషయంలో కాదు. అప్పట్లో సినిమాల్లో మా తెలంగాణ మాటను రౌడీలకూ నవ్వులాటగాళ్లకూ తగిలించేవారు. ఆ సినిమాలు చూసి వచ్చిన ఒక కోస్తా ప్రయాణికుడు, బాపు "ఏడికి పోవాలె సారూ" అన్నప్పటి నుంచి ఆ మాటనే తిప్పి తిప్పి అంటూ నవ్వుతున్నాడు. బాపు బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, దిగి బీడీ వెలిగించాడు. "నవ్వుడు ఒడిసినంక చెప్పు సారూ, అప్పుడు పోదాం" అన్నాడు. ఆ పెద్దమనిషి ఎక్కవలసిన రైలు మా కళ్ల ముందే వెళ్లిపోయింది.

వెనక నుంచి కిర్రు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట చక్రం గుంతలో పడితేనే వచ్చేది, ఆ తరువాత మలుపు తిరిగినా వచ్చేది, ఆఖరికి వెనక సీట్లో ఎవరైనా దగ్గినా వచ్చేది. బాపు రైలు గేటు దాటుతుండగా ఆ చప్పుడు విని మా అవ్వ ఎసట్లో బియ్యం పోసేది, ఆయన కాళ్లు కడుక్కునేసరికి గంజి వార్చేది. రైలు గేటు మా ఇంటికి ఎంత దూరమని మాత్రం అడగకండి.

ఇంతలో రాష్ట్రం కోసం జనం రోడ్ల మీదికి వచ్చారు. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది జిల్లా. అప్పుడు మూడూ ఒకే జిల్లా, మూడింటిదీ ఒకే గొంతు. పంతుళ్లది ఒక టెంటు, వకీళ్లది ఒక టెంటు, హమాలీలది ఒకటి. బాపు ఏ టెంటు కిందా కూర్చోలేదు. బండి మీద రెండు లౌడ్‌స్పీకర్లు కట్టించి, "గిది మన తెలంగాణ బండి, యాడికి రమ్మంటే ఆడికి వస్తది" అని ఉద్యమ కమిటీ ముందు నిలబెట్టాడు. కమిటీకి పెద్ద యాదగిరి సారు, పదవీ విరమణ చేసిన లెక్కల పంతులు. నేను వెనక సీట్లో కూర్చొని మైకులో పిలుపులు చెప్పేవాడిని. డిగ్రీ తప్పి, పనీ దొరకని రోజులు, గొంతు మాత్రం నిండుగా ఉండేది. ఏ ఊళ్లో ఊరేగింపు తీసినా మా బండే ముందు. నెల తిరగకుండానే జనం బాపును 'ముందుబండి సోమన్న' అనడం మొదలుపెట్టారు. బతుకంతా 'ఏయ్ డ్రైవర్' అనిపించుకున్న మనిషి. ఎవరైనా ఆ కొత్త పేరుతో పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు, ఇంకోసారి పిలిపించుకునేవాడు.

ఆ ముందు చోటుకే కిర్రు ఎసరు పెట్టింది. నేను "అన్నలారా, అక్కలారా" అంటే మైకులో సగం నా మాట, సగం కిర్రు. కొడకండ్లలో ఆ చప్పుడుకు బర్రెలు బెదిరి మూడు పూటలు పాలు ఎగబట్టాయి. అదే ఊళ్లో ఒక ముసలాయన, నూనె లేని బావి గిలక ఏదో నడుస్తోందనుకొని బొక్కెన, తాడు పట్టుకొని మా బండి వెంట ఊరి పొలిమేర దాకా నడిచాడు. విన్న ప్రతివాడూ సాయానికి వచ్చేవాడు. ఒకరు ట్రాక్టరు నుంచి తీసిన నల్ల ఆయిలు తెస్తే, ఇంకొకరు కుట్టుమిషన్ నూనె తెచ్చేవారు. ఒక చోట వంటలో మిగిలిన మంచినూనె కూడా ఇచ్చారు. ప్రేమతో ఇచ్చింది వద్దంటే ఎట్లా అని బాపు అన్నీ వెనక చక్రాల దగ్గర పోసేవాడు. రెండు కిలోమీటర్లు హాయిగా ఉండేది, మూడో కిలోమీటరులో మునుపటి కంటే గట్టిగా అరిచేది. మెకానిక్కులకు చూపించాం. ఒకాయన షాకబ్జర్లు మార్చాడు, పోలేదు. ఇంకొకాయన డిక్కీ తలుపు కదులుతోందన్నాడు, తాడుతో బిగించి కట్టాం, పోలేదు. మూడో ఆయన కమాను కట్టలు మొత్తం మార్చాలన్నాడు. కమాను కట్టలంటే వెనక ఇరుసు మీద బండి బరువు మోసే ఇనుప పట్టీలు, విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. "దొరకకపోతే బండిని తుక్కుకు ఎయ్యి, గంతే" అన్నాడు. బాపు ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.

కొడకండ్లలోనే, చెట్టు కింద మజ్జిగ తాగుతుండగా యాదగిరి సారు బాపును పక్కకు పిలిచాడు. సారు పక్కన ఒక కంకర కంట్రాక్టరు ఉన్నాడు. ఆ వారం దాకా ఏ టెంటు నీడా సోకని మనిషి, గాలి ఎటు తిరిగిందో చూసుకొని కొత్త తెల్ల కారులో దిగాడు.

"సోమన్నా, ఏమనుకోకు," అన్నాడు సారు. "నీ కొడుకు ఏం చెప్తుండో జనానికి ఇనబడ్తలేదు. ఎల్లుండి మానుకోటల వంటావార్పు. అది ఒడిసెటాల్లకు సప్పుడు పోవాలె. పోకుంటే భూపాలపల్లి సభకు మైకు గీయన బండికి కడ్తం. నువ్వు ఎనుక రా."

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

కంట్రాక్టరు నవ్వాడు. "ఎనుక వస్తే ఏంది సోమయ్యా? మేం దుమ్ము లేపుతం, నువ్వు మెల్లగ రా."

బాపు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "ఎనుక నేను రాను సారు. వస్తే ముందట వస్త. లేకుంటే జనగామకు మర్లిపోత."

వంటావార్పు అంటే ఆ రోజుల్లో అందరికీ తెలుసు. పెద్ద రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి అక్కడే బంతులు కూర్చొని తినేవాళ్లం. లారీలు ఆగిపోయేవి, లారీ వాళ్లు కూడా మాతోనే తినేవాళ్లు. మానుకోటలో ఆ పొద్దున అలాగే నలభై పొయ్యిలు వెలిగాయి. పప్పు ఉడికే వాసన, తడికట్టెల పొగ రోడ్డంతా కమ్ముకున్నాయి. బాపు బండిని పక్కకు పెట్టి, నూనె డబ్బాతో దాని కిందికి దూరాడు. దగ్గర్లోనే ఒక ఎడ్లబండి కట్టెలు దింపుతోంది. దాన్ని తోలుకొచ్చింది సక్రి అక్క, పక్క తండా మనిషి. భర్త కూలికి బొంబాయి పోతే ఆముదం చేను, ఎడ్లు, బండి ఆమే చూసుకునేది. వాళ్లింట్లో వాళ్ల భాష, మాతో మా భాష.

"ఎవలిదే గీ బండి? మా ఎడ్లు బెదురుతున్నయ్."

"నాదే అక్కా," అన్నాడు బాపు కింద నుంచి.

"ఏం జేస్తున్నవ్ కింద?"

"ఆయిలు పోస్తున్న."

"ఎన్నొద్దుల సంది?"

"మూడు నెలల సంది."

ఆమె తన వెంట వచ్చిన ఆడవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అంది. నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఏం చెప్పినవక్కా?" అని అడిగితే, "నీకు చెప్పేది కాదులే" అని, బండి వెనక గొంతుకూర్చుంది. "సప్పుడు ఏడ పుడుతున్నదో సూడకుండ ఆయిలు పోసుడేంది? జర బయటికి రా."

ఆ నలుగురు ఆడవాళ్లనూ వెనక సీట్లో ఎక్కించి, కూర్చున్నచోటే ఎగరమంది. నేను మైకులో "ఒకటి, రెండు, ఎగురు" అని చెప్పాను, ఆ పక్కన ఒక బంతిలో తింటున్నవాళ్లు కూడా ఎగిరారు. కిర్రు లేచింది. అక్క బిందెలో నీళ్లు చెంబుతో ముంచి, ఎడమ కమాను కట్ట మీద మాత్రమే పోసింది. మళ్లీ ఎగరమంది. ఈసారి చప్పుడు సగమైంది. కుడి వైపు పోసింది, ఇంకా తగ్గింది. సన్నటి కీచు పూర్తిగా పోయి, అడుగున దాగి ఉన్న ఒక లావు మూలుగు మాత్రం మిగిలింది. మేము ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నది రెండు చప్పుళ్లు!

"ఒకటి దొరికింది," అంది అక్క. "పట్టీలు ఎండి ఇనుముకు ఇనుము రాసుకుంటున్నది, తడి తాకంగనే నోరు మూసింది. రెండోది గిది కాదు." అరచెయ్యి చాపి, ఆడవాళ్లు ఎగురుతూ ఉండగా ఒక్కో కీలు మీద ఆనించుకుంటూ పోయింది. ఎడమ కట్ట వెనక కొస దగ్గర చెయ్యి ఆగింది. "గీడ వణుకుతున్నది. సూడన్నా, సెయ్యి పెట్టు."

బాపు చెయ్యి పెట్టాడు. పట్టీ కొసను బండికి తగిలించే కడ్డీ చుట్టూ రబ్బరు బుష్షులుంటాయి. అవి పుట్టగొడుగుల్లా ఉబ్బి బయటికి పొంగి ఉన్నాయి, గోరు పెడితే మెత్తగా ఊడొస్తున్నాయి. అక్క తన కాలి చెప్పు తీసి చూపించింది. "మోటరు కాడ నల్ల ఆయిలు తొక్కిన. పూరి లెక్క ఉబ్బింది సూడు. గా ఆయిలు రబ్బరును తింటది."

బాపు మొహం చిన్నబోయింది. "గట్లయితె నేనే ఖరాబు జేసిన్నా?"

"నువ్వొక్కనివేనా? జిల్లా అంత కలిసి జేసిన్రు."

బుష్షులు కొత్తవి వేయాలి. విడిభాగాల దుకాణం వీరన్నది, ఎదురుగానే ఉంది, ఆ రోజు బంద్ కాబట్టి షట్టరు వేసి ఉంది. వీరన్న మా టెంటు కిందే కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నేను పోయి, జర షట్టరు లేపమన్నాను.

"ఎట్ల లేపుత? పొద్దుగాల మైకుల నువ్వే గద అన్నవ్, 'ఇయ్యాల షట్టరు లేపినోడు తెలంగాణ ద్రోహి' అని? గింతసేపట్ల మర్సిపోయినవా?"

అన్నాను. గొంతు బొంగురు పోయేదాకా అన్నాను. వీరన్న మంచివాడు, నా చెవి దగ్గరికి వంగి, "ఎనుక దర్వాజ ఉన్నది. మెల్లగ తీసిస్త, ఎవ్వలు సూడరు" అన్నాడు. నేను సంబరంగా వచ్చి బాపుకు చెప్పాను.

బాపు తలెత్తలేదు. "ఎనుక దర్వాజకు బంద్ లేదా?"

"బాపూ, భూపాలపల్లికి ఎనుక పోవాలె మరి."

"ముందట పోవాల్నంటే ఎనుక దర్వాజకెల్లి పోవాల్నా? వద్దు."

తన కాళ్లకున్న టైరు చెప్పులు విప్పాడు. లారీ టైరు కోసి కుట్టినవి, జనగామ అంగడిలో కొన్నప్పటి నుంచి అరగనివి. "గిది రబ్బరే గద," అని ఉల్లిగడ్డలు కోసే కత్తి తెమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం జరిగినంత ముచ్చటైన పని నేను తరువాత ఎక్కడా చూడలేదు. ఆరిన పొయ్యిల నుంచి పెద్ద రాళ్లు తెచ్చి బండి వెనక భాగాన్ని ఎత్తి నిలబెట్టాం. బరువు దిగగానే కమాను పట్టీలు వేళ్లు విడదీసినట్టు విడిపోయాయి. ఉబ్బిన బుష్షులు లాగేసి, మూడు నెలల జిడ్డును పొయ్యి బూడిదతో, సబ్బునీళ్లతో కడిగాం. బాపు చెప్పులను కడ్డీ మందానికి తగ్గట్టు పట్టీలుగా కోసి, చుట్టి, బిగించాడు. అక్క తన ఎడ్లబండికి వేలాడే వెదురు గొట్టం తెచ్చింది. అందులో కందెన ఉంది. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంతో నూరితే వచ్చే నల్లటి ముద్ద, బండి ఇరుసుకు పెట్టేది. గడ్డపార మొనతో ఒక్కో పట్టీ సందూ తెరిచి, లోపల కందెన పూసి, మట్టి చేరకుండా పైన గోనెపట్ట చుట్టి, మంచాలకు అల్లే నులకతో కట్టేసింది.

"ఆముదం మాత్రం రబ్బరును తినదా అక్కా?" అని అడిగాను, తెలివి చూపిద్దామని.

"తలకు ఆముదం పెట్టి రబ్బరు బ్యాండు ఏసుకుంటం. ఎన్నడన్న ఉబ్బిందా?"

పాత కార్ల బ్రేకు నూనెలో ఆముదం కలిపేది కూడా ఇందుకేనట, చాలా ఏళ్ల తరువాత ఒక ఇంజనీరు చెప్పాడు. ఆయనకు అది తెలియడానికి నాలుగేళ్ల చదువు పట్టింది.

రాళ్లు తీసి బండి దించాం. ఆడవాళ్లు నలుగురూ ఎక్కి ఎగిరారు. చప్పుడు లేదు. లారీ డ్రైవర్లు ఇద్దరిని కూడా ఎక్కించాం. లేదు. బాపు గాబరాగా ముందుకు పోయి బానెట్ మీద చెయ్యి వేశాడు. "సచ్చిందా ఏంది?" అన్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది, ఇన్నాళ్లూ ఆ కిర్రు కింద దాని చప్పుడు ఆయనకు వినబడలేదంతే.

కంట్రాక్టరు తెల్ల కారుకు అప్పటికే తాళ్లు చుడుతున్నారు. యాదగిరి సారు వచ్చి మా వెనక సీట్లో కూర్చొని, లెక్కల పంతులు కదా, పదిసార్లు ఊగి చూశాడు. దిగి, "తాళ్లు ఇప్పున్రి. మైకు సోమన్న బండికే" అన్నాడు. సక్రి అక్క, ఎవరూ పిలవకముందే, ముందు సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది. "ఎడ్లను మా మరిది తోలుకపోతడు. నా కందెన ఎట్ల నడుస్తదో నేను సూడాలె గద."

భూపాలపల్లి దాకా మేమే ముందు. బాపు ఉత్త కాళ్లతో నడిపాడు. ఎండకు పెడళ్లు పెనంలా కాలుతుంటే పాదం మార్చి మార్చి పెట్టాడు. మూడు నెలల తరువాత నా మాట నాకు పూర్తిగా వినబడింది. ఊరి మొదట్లో బొగ్గుబాయి కార్మికులు మసి మొహాలతో, డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే వచ్చి కలిశారు. సభలో యాదగిరి సారు మాట్లాడుతూ మధ్యలో ఆగాడు. వేదిక పక్కన ఉత్త కాళ్లతో నిలబడ్డ బాపును చూశాడు. "ఇయ్యాల మనల ముందట నడిపిచ్చింది సోమన్న బండి. మన బంద్ మాట నిలబెట్టాల్నని, దుకాణం తెరవనియ్యక తన కాళ్ల చెప్పులు కోసి బండికి పెట్టిండు. నేను ఎనుక రమ్మన్న, తప్పు నాదే. ముందుబండి సోమన్నా, మైకు కాడికి రా" అన్నాడు. బాపు ఎక్కాడు. రెండు చేతులూ జోడించాడు. జనం కొట్టిన కేకకు చెట్ల మీది బొగ్గుపొడి అంతా రాలి కంట్రాక్టరు తెల్ల కారు నల్లబడింది.

రాష్ట్రం వచ్చింది. మా జిల్లా అయిదారు ముక్కలైంది. అప్పుడు మేము పొయ్యిలు పెట్టిన రోడ్డు వెడల్పయింది, నడుమ పూలమొక్కలు నాటారు. కారులో ఏది కిర్రుమన్నా ఇప్పుడు కంప్యూటరు తగిలించి చూస్తారు, ఆ భాగం పీకి కొత్తది పెడతారు. ఎవరూ అరచెయ్యి ఆనించి వినరు. తప్పని అనను, నేనూ చేయించుకుంటాను. కానీ అప్పుడు ఒక బండి మూలిగితే ఊరూరూ నూనె పట్టుకొని పరుగెత్తుకొచ్చిందే, ఆ తప్పు చేయడానికి కూడా ఇప్పుడెవరికీ తీరిక లేదు.

ఇక నేను కల్పించిన ముక్క సంగతి. బర్రెలు నిజం. గిలక ముసలాయన నిజం. టైరు చెప్పులు, సక్రి అక్క, ఆముదం, వెనక దర్వాజ అన్నీ నిజం. మేము భూపాలపల్లికి ముందు వెళ్లిన మాటా నిజం. అబద్ధమల్లా ఆ సభలో యాదగిరి సారు అన్న మాటలు. ఆయన అనలేదు, బాపు వేదిక ఎక్కలేదు. ఆ రోజు మైకులో వినబడిన పేరు కంట్రాక్టరుది, మజ్జిగ పాకెట్లు పంచినందుకు. బాపు లౌడ్‌స్పీకర్‌కు దగ్గరగా నిలబడి, మైకు విప్పేసేదాకా విన్నాడు. తిరిగొస్తూ, "సారు పనుల వడి మర్సిపోయిండు" అన్నాడు, ఆ ఒక్కసారే. తరువాత ఉద్యమంలో పనిచేసినవాళ్ల పేర్లు ఎక్కడ చదువుతున్నా పని ఆపి వినేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు టీవీ గొంతు పెంచమన్నాడు. ఆఖరి రోజుల్లో దవాఖానలో కూడా, కమిటీ వాళ్లెవరో పరామర్శకు వస్తే మంచం మీద లేచి కూర్చున్నాడు. వాళ్లు ఆయనను 'డ్రైవర్ సోమయ్య' అన్నారు. ఎవరూ అనని ఆ మాటలు చివరికి నేను రాశాను, సారు గొంతుతో, సారు నోట్లో పెట్టి. అబద్ధమని ఒప్పుకున్నాను. కొట్టెయ్యను.